పాపకు ఎయిర్ గన్, ఇంటికి ఇన్వర్టర్: మెకానిక్ చుట్టూ తిరగక్కర్లేనివి ఏవి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో కొత్త ఇంటికి మారుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, మీరిద్దరూ ఉద్యోగస్తులు. పన్నెండేళ్ల పాప 10 మీటర్ల షూటింగ్‌లో చేరింది. ఇంట్లోకి ఇన్వర్టర్, వాటర్ ప్యూరిఫైయర్, ఫ్యాన్లు కొనాలి, పాపకు గన్ కొనాలి, ఏదీ మాటిమాటికీ రిపేరుకు రాకూడదు. మా ఇల్లూ ఇంచుమించు ఇలాంటిదే. మా అబ్బాయిది రైఫిల్, అమ్మాయిది పిస్టల్.

ఏది కొన్నా నేను షాపులో ముందు అడిగేది ఒకటే: "దీనికి ఏడాదికి ఏమేం మార్చాలి, ఎవరు మార్చాలి?" ఫీచర్ల గురించి గంట సేపు చెప్పినాయన ఇక్కడికొచ్చేసరికి నీళ్లు నములుతాడు.

ఇంటి సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇన్వర్టర్‌కు ట్యూబులర్ బ్యాటరీ చవకే కానీ రెండు మూడు నెలలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పగలంతా ఇంట్లో ఉండేది పెద్దవాళ్లే కాబట్టి ఆ పని వాళ్ల మీద పడుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి డబ్బు ఎక్కువైనా నీళ్లు పోసే పని లేదు. పాత ఇన్వర్టరే వాడదలిస్తే అది లిథియంకు సరిగ్గా ఛార్జ్ చేస్తుందో లేదో ముందు కనుక్కోండి. ప్యూరిఫైయర్ కొనేముందు నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఒకటి తెచ్చి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు విడివిడిగా కొలవండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మామూలుగా ఆర్వో (సన్నని పొర గుండా నీళ్లు వడగట్టేది) అక్కర్లేదు, యూవీ (కాంతితో క్రిములను చంపేది) చాలు. ఆర్వో పెట్టారంటే ఆ పొర (మెంబ్రేన్) మార్పులు, వృథా నీళ్లు, ఏడాది సర్వీస్ ఒప్పందం (ఏఎంసీ) ఫోన్లు. నల్గొండ వైపులా ఫ్లోరైడ్ భయం ఉన్న బోరైతే మాత్రం మీటర్‌ని నమ్మకండి, అది ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ మోటార్ ఫ్యాన్లు 30 వాట్లకు అటూ ఇటూగా తింటాయి, పాతవి 75. తీసుకోండి, కానీ రిమోట్ పోయినా గోడ స్విచ్‌తో స్పీడ్ మార్చగలిగే మోడలే చూడండి. మా నాన్నగారి రిమోట్ ఎప్పుడూ దిండు కిందే దొరుకుతుంది.

ఇక గన్. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ ఏడెనిమిది జౌళ్లు దాటదు. షాపువాళ్లు గుర్తింపు కార్డు కాపీ తీసుకుంటారు. బిల్లు కాపీ ఒకటి ఎప్పుడూ గన్ బాక్సులోనే ఉంచండి, దారిలో ఎవరైనా ఆపితే టెన్షన్ ఉండదు.

అయితే అప్పుడే కొనకండి. కొన్ని నెలలు అకాడమీ గన్‌తోనే కాల్చనివ్వండి. ఈలోగా గురి చూడ్డంలో పాపకు ఏ కన్ను ప్రధానమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి ఎదురు గోడ మీది స్విచ్‌ని రెండు కళ్లతోనూ చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూసినప్పుడు స్విచ్ మాయమవుతుందో అదే ప్రధానమైన కన్ను. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ కన్ను ప్రధానం కావడం వింతేమీ కాదు. అలాంటప్పుడు ఎడమ భుజానికి మారాలా, ఎడమ కంటికి అడ్డం పెట్టుకోవాలా అన్నది కోచ్ తేల్చాలి. ఇది తేలకుండా కుడిచేతి రైఫిల్ కొంటే లక్షలు ఇరుక్కుపోతాయి.

రైఫిలా, పిస్టలా అంటే, గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌లో, ఈషా సింగ్‌ది పిస్టల్. ఇద్దరూ హైదరాబాద్ వాళ్లే. పిల్లల ఇష్టాన్ని కాదనకండి. ఖర్చు, మెయింటెనెన్స్ మాత్రమే చూస్తే నా ఓటు పిస్టల్‌కే. రైఫిల్‌కు బిగుతైన జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కావాలి. ఎదిగే పిల్లకు అవి స్కూలు యూనిఫాంలా పొట్టివైపోతుంటాయి. పిస్టల్‌కైతే చెయ్యి పెరిగినప్పుడు గ్రిప్ మారిస్తే సరిపోతుంది. రైఫిలే కావాలంటే చెక్క స్టాక్ (గన్‌ను పట్టుకుని భుజానికి ఆనించే చట్రం) కాకుండా అన్ని వైపులా జరిగే అల్యూమినియం స్టాక్ తీసుకోండి. ఒకే రైఫిల్‌ని ఇద్దరు పిల్లలు పంచుకుంటారని లెక్క వేసుకోకండి. భుజానికి ఆనే బట్ ప్లేట్, చెంప ఆనించే చీక్ పీస్ రోజూ మార్చుకోవాలి. రైఫిల్ టార్గెట్ మధ్యలో పదిపాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కాస్త జరిగినా స్కోరులో కనబడుతుంది.

ఇప్పటి మ్యాచ్ గన్‌లు, వాల్తర్ అయినా ఫైన్‌వెర్క్‌బావ్ అయినా స్టైర్ అయినా, సిలిండర్‌లో నింపిన గాలితో పనిచేస్తాయి. గాలి ఒత్తిడి సాధారణంగా 200 బార్. గన్‌లో మొదట చూడాల్సింది ఈ సిలిండరే. తయారైన నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి. అల్యూమినియం సిలిండర్‌ని పదేళ్లకు మించి వాడొద్దని తయారీదారులే చెబుతారు, పగిలిన సందర్భాలూ ఉన్నాయి. రేంజ్‌లో పెద్ద సిలిండర్ నుంచి నెమ్మదిగా నింపుకోవడమే మేలు. చేతి పంపుతో కొడితే మన వానాకాలం తేమంతా లోపలికి పోతుంది. ఇంట్లో పెట్టినప్పుడు పూర్తిగా ఖాళీగా ఉంచకండి, కాస్త ప్రెషర్ ఉంటేనే సీళ్లు కుదురుగా ఉంటాయి. గాలి లీకైతే చాలాసార్లు పోయేది చిన్న రబ్బరు వలయం, ఓ-రింగే, కాబట్టి రేటు ఎంత తక్కువైనా స్పేర్ పార్టులు ఇక్కడ దొరకని బ్రాండ్ వద్దు. ట్రిగ్గర్ మెకానికల్‌దే తీసుకోండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ బాగానే ఉంటుంది గానీ, మ్యాచ్ రోజు పొద్దున్నే ఛార్జింగ్ చూసుకునే పని ఇంకొకటి పెరుగుతుంది.

ఇంట్లో పెల్లెట్లు కాల్చనివ్వకండి, డాబా మీద అసలే వద్దు. ఇంట్లో డ్రై ఫైర్ చాలు. పెల్లెట్ లేకుండా గోడ మీద చిన్న నల్లచుక్కకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కే సాధన అది. గన్‌లో డ్రై ఫైర్ ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. పెల్లెట్లు సీసంవి, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ బాక్స్ తెరవాలి. గన్ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో చోట. ఆ బీరువాకు వేలిముద్ర తాళం పెట్టించమని నాకూ చాలామంది చెప్పారు. బ్యాటరీ అయిపోయిన తాళం ముందు నిలబడే ఓపిక నాకు లేదు. మామూలు తాళంచెవి, అది నా దగ్గరే.

పాప ముందుముందు తూటాలు పేల్చే .22 రైఫిల్‌కు వెళ్తానంటే అది వేరే కథ. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవాళ్లు శిక్షణలో కాల్చడానికి చట్టంలో వీలుంది, ఆ వివరాలు మీ రైఫిల్ అసోసియేషన్‌లో అడగండి. మందుగుండు మసి వల్ల బ్యారెల్ క్లీనింగ్ కూడా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ ఎయిర్ గన్ చూస్తుంటే, రేటు మాట్లాడకముందే సిలిండర్ మీది తేదీ ఫోటో పంపమనండి. గడువు దగ్గరపడితే కొత్త సిలిండర్ ఖరీదు ధరలోంచి తగ్గించమని అడగండి. ఫోటో పంపడానికి సాకులు చెబుతుంటే ఆ బేరం వదిలేయండి.