పాత లాప్‌టాప్‌లో వైఫైకి ఏది పెట్టుకోవాలంటే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రెండు జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించావట, వైఫై ఊరికే తెగిపోతోందట. వైఫైని కలిపే టూల్ ఇంకోటి వెతికే ముందు, అలాంటివి ఇప్పటికే లోపల ఎన్ని నడుస్తున్నాయో చూడు. నెట్‌వర్క్‌మేనేజర్ అనే టూల్ ఉండగా పైన ఐడబ్ల్యూడీ అనే ఇంకోదాన్ని కూడా విడిగా వేశావంటే ఒక ఒరలో రెండు కత్తులే. ఒకటి కలిపితే రెండోది తెంపుతుంది. వద్దనుకున్నదాన్ని సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ఆపితే సరిపోదు, డిసేబుల్ కూడా చెయ్యి. లేకపోతే రీస్టార్ట్ కాగానే మళ్లీ లేస్తుంది. డెస్క్‌టాప్ లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే డెబియన్ నీ వైఫై వివరాలను ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసి పెడుతుంది. చాలామంది దాని సంగతే మర్చిపోతారు. ఆ లైన్ల ముందు హ్యాష్ గుర్తు పెట్టు, అప్పుడు వాటిని సిస్టమ్ పట్టించుకోదు.

నీ అవసరానికి నేనైతే ఐడబ్ల్యూడీ ఒక్కటే ఉంచుతాను. ఇంటెల్ వాళ్లు తయారుచేసింది, పాస్‌వర్డ్‌తో వైఫైలోకి చేర్చే డబ్ల్యూపీఏ సప్లికెంట్ పని కూడా అదే చూసుకుంటుంది. దాని మెయిన్ డాట్ కాన్ఫ్ ఫైల్లో జనరల్ అనే విభాగం కింద ‘ఎనేబుల్‌నెట్‌వర్క్‌కాన్ఫిగరేషన్’ను ట్రూ చేస్తే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో నీ లాప్‌టాప్ నంబర్) కూడా అదే తెచ్చుకుంటుంది, దాన్ని అడిగి తెచ్చే వేరే డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఐపీ వచ్చినా, అంకెల అడ్రస్‌కి పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందా అని చూసే కమాండ్) వెళ్తున్నా సైట్లు తెరుచుకోవడం లేదంటే తేడా డీఎన్ఎస్‌లో, అంటే సైట్ పేరును అంకెల అడ్రస్‌గా మార్చే చోట ఉన్నట్టు. ఐడబ్ల్యూడీ ఆ పనిని మామూలుగా సిస్టమ్‌డీ రిసాల్వ్‌డ్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది, డెబియన్‌లో దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

వైర్‌తో నడిచే డెస్క్‌టాప్‌కైతే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే టూల్ చాలు, నాలుగు లైన్ల ఫైల్ రాస్తే అయిపోతుంది. విక్డ్ అనే టూల్ పెట్టుకోమని పాత వ్యాసాలు చెబితే వినకు. అది పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, ఆ పైథాన్‌కే 2020తో కాలం చెల్లింది.

వీపీఎన్, హాట్‌స్పాట్ రోజూ వాడేవాడివైతే మాత్రం నెట్‌వర్క్‌మేనేజర్నే ఉంచి, అది వాడుకునే డబ్ల్యూపీఏ సప్లికెంట్ తప్ప మిగతావి తీసెయ్. బరువని భయపడకు, దానికంటే నీ బ్రౌజర్ తినే మెమరీ చాలా ఎక్కువ. టెర్మినల్లో ఎన్ఎంటీయూఐ అని కొడితే మెనూ వస్తుంది, కమాండ్లు బట్టీ పట్టే పని లేదు.

ఏది ఎంచుకున్నా, కావలసిన ప్యాకేజీలన్నీ ముందే దించుకుని, ఆ తర్వాతే పాతదాన్ని ఆపు. నెట్ పోయాక వాటిని దించుకోవడానికి నెట్ ఉండదు. ఇంకో గదిలోంచి, నెట్‌వర్క్ మీదుగా లాప్‌టాప్‌ను నడిపే ఎస్ఎస్‌హెచ్‌లో కూర్చుని ఈ పని మొదలుపెట్టకు, ఆ లాప్‌టాప్ ముందే కూర్చో.

ఇట్లు,
మావయ్య