డిప్యూటీ కలెక్టర్‌గా చేరితే కన్ఫర్డ్ ఐఏఎస్ ఖాయమేనా?

గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టర్ పోస్టు వచ్చింది, ఇక సివిల్స్ చదువు ఆపేసి ప్రమోషన్ మీద వచ్చే ఐఏఎస్ (దాన్నే కన్ఫర్డ్ ఐఏఎస్ అంటారు) కోసం ఆగితే సరిపోతుందా అని అడిగారు. నేను డిప్యూటీ తహసీల్దారుగా చేరి, తహసీల్దారు, ఆర్డీవో పోస్టులు దాటుకుని, కన్ఫర్డ్ ఐఏఎస్‌గా రిటైరయ్యాను. ఆశ పెట్టుకోండి. కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకుని చదువు మాత్రం మానకండి.

రాష్ట్ర ఐఏఎస్ కేడర్‌లో ప్రమోషన్ కోటా దాదాపు మూడో వంతు. డిప్యూటీ కలెక్టర్ హోదాలో 8 ఏళ్ల సర్వీసు ఉంటే అర్హత వస్తుంది. ఆ ఎనిమిదేళ్లు చూసి లెక్కలు వేసుకునేవాళ్లు చాలామంది. అసలు లెక్క సీనియారిటీ జాబితాలో ఉంటుంది. ఖాళీలకు మూడు రెట్ల మందిని మాత్రమే పరిశీలిస్తారు, ఆ గీత లోపలికి మీ పేరు రావాలి. మన దగ్గర నేరుగా డిప్యూటీ కలెక్టర్లయిన డైరెక్ట్ రిక్రూట్‌లకూ, కింది పోస్టుల నుంచి ఎదిగిన ప్రమోటీలకూ మధ్య సీనియారిటీ కేసులు కోర్టుల్లో నలుగుతూనే ఉంటాయి. జాబితా తేలేలోపు కొందరికి 56 ఏళ్లు నిండిపోతాయి, ఆ తర్వాత పేరే పరిశీలించరు. మీరు చిన్న వయసులో చేరారు కాబట్టి ఈ విషయంలో నాకంటే చాలా నయం.

ఎంపిక చేసేది యూపీఎస్సీ చైర్మన్ గానీ సభ్యుడు గానీ అధ్యక్షత వహించే కమిటీ. రెవెన్యూ వాళ్లకు ఇంటర్వ్యూ ఉండదు, అంతా ఏసీఆర్‌ల (పై అధికారి ఏటా రాసే పనితీరు నివేదికల) మీదే. చివరి ఐదేళ్లవి చూసి 'అవుట్‌స్టాండింగ్', 'వెరీ గుడ్', 'గుడ్', 'అన్‌ఫిట్' అని కమిటీ తన సొంత గ్రేడు ఇస్తుంది. అవుట్‌స్టాండింగ్ వచ్చిన జూనియర్ వెరీ గుడ్ దగ్గర ఆగిన సీనియర్‌ను దాటేస్తాడు. అందుకే ఏ ఏటి ఏసీఆర్ ఆ ఏడే రాయించుకోండి. నాకు ఒక ఏడాదిది ఖాళీగా ఉండిపోయింది, రాయాల్సిన అధికారి అప్పటికే రిటైరయ్యారు. ఆ ఒక్క కాగితం తేల్చుకోవడానికి పడ్డ టెన్షన్ ఆర్డీవోగా ఎన్నికలు నడిపినప్పుడు కూడా పడలేదు. గ్రేడు తగ్గించి రాస్తే ఊరుకోకండి. ఏ ఎంట్రీ అయినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాని మీద రిప్రజెంటేషన్ పెట్టుకోవచ్చు.

ఇంకా భయపడాల్సింది చార్జ్ మెమో (శాఖాపరమైన అభియోగ పత్రం) గురించి. ఎప్పుడో తహసీల్దారుగా సంతకం పెట్టిన మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) మీద, సరిగ్గా ఎంపిక కమిటీ కూర్చోబోయే ముందు మెమో వచ్చినవాళ్లను చూశాను. అప్పుడు పేరు సెలెక్ట్ లిస్టులో ప్రొవిజనల్‌గా, అంటే షరతు మీద మాత్రమే, ఉంటుంది. గడువులోపు క్లియర్ కాకపోతే ఆ ఏటికి అంతే. ప్రతి ఆర్డర్‌లో కారణాలు రాసి, నోట్ ఫైల్ కాపీ దగ్గర పెట్టుకునే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

మీ స్నేహితుడు వేరే శాఖలో ఉన్నాడన్నారు. నాన్ రెవెన్యూ వాళ్లకూ దారి ఉంది, కానీ ఇరుకు. ప్రమోషన్ కోటాలోనే 15 శాతం మించదు. ఇంటర్వ్యూ ఉంటుంది. పోటీ అక్కడ కంటే ముందే, ప్రభుత్వం పంపే జాబితాలో పేరు ఎక్కించుకోవడం దగ్గరే ఎక్కువ.

వచ్చాక ఏమిటి? పాత సర్వీసుకు వెయిటేజీ ఇస్తారు, అంటే ఐఏఎస్ సీనియారిటీలో కొన్నేళ్లు కలుపుతారు: మొదటి 12 ఏళ్లకు 4 ఏళ్లు, ఆపైన ప్రతి మూడేళ్లకు 1, మొత్తం 9కి మించకుండా. అంటే 21 ఏళ్లు చేసినవాడికి 7 ఏళ్ల వెనక బ్యాచ్. ముస్సోరీలో ట్రైనింగ్ కొద్ది వారాలే. జాయింట్ కలెక్టర్, శాఖ డైరెక్టర్, అదృష్టం బాగుంటే కలెక్టర్. ఇంకో మెలిక కూడా ఉంది: ఐఏఎస్ రిటైర్మెంట్ వయసు 60. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఉద్యోగికి 62, తెలంగాణలో 61. నాతో పాటు చేరి ప్రమోషన్ రానివాళ్లు, నేను ఇంటికి వెళ్లాక కూడా ఆఫీసులో ఉన్నారు!

పని విషయంలో మాత్రం నాకు ఏ వెలితీ లేదు. అడంగల్ (పొలాల సాగు రికార్డు) ఎక్కడ తప్పుతుందో, వీఆర్వో ఏ మాట దాస్తాడో తెలిసిన కలెక్టరుకు ఫైలు చదివే పద్ధతే వేరు. ముస్సోరీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లు కొందరు మమ్మల్ని 'ప్రమోటీలు' అని ఒక రకంగా చూసేవాళ్లు. ఆర్నెల్లు గడిచాక భూమి ఫైలు పట్టుకుని వాళ్లే మా గదికి వచ్చేవాళ్లు.

మీకు వయసు, అటెంప్టులు ఉన్నాయి కాబట్టి ప్రొబేషన్ అయ్యేదాకా ఆగకుండా ఎన్‌ఓసీ (శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తీసుకుని ప్రిలిమ్స్ రాయండి. సెలవు దొరకడం కష్టమే, కలెక్టరేట్‌లో పోస్టింగ్ అడిగితే డివిజన్ కంటే కాస్త సమయం చిక్కుతుంది.