త్రిఫలకి మారేముందు ఆ డబ్బా వెనక ఏముందో చూడండి

గ్యాస్, మలబద్ధకానికి ఏడాదిగా రోజూ రాత్రి ఒక చూర్ణం వేసుకుంటున్నానని, మానేస్తే మోషన్ అవడం లేదని, త్రిఫలకి మారొచ్చా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాదు గానీ, సరిగ్గా ఈ గోతిలోనే పడి లేచినవాణ్ణి.

నైట్ షిఫ్టుల రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి క్యాంటీన్ పరోటాలు తినేవాణ్ణి. కడుపు రాయిలా ఉండేది. తెలిసినాయన చెప్పాడని ఒక చూర్ణం కొన్నాను. మొదటి వారం స్వర్గమే. ఒక స్పూను కాస్తా రెండయింది. ఒకసారి పెళ్లికి వెళ్తూ డబ్బా ఇంట్లో మర్చిపోయాను. మూడు రోజులు ఏమీ లేదు. విస్తరి ముందు కూర్చుని, పూర్ణం బూరె పక్కకు నెట్టి మజ్జిగ మాత్రం తాగి లేచాను.

తర్వాత కలిసిన ఆయుర్వేద డాక్టరుగారు నాడి కంటే ముందు డబ్బా అడిగారు. అక్షరాలు మరీ చిన్నవి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూపించారు: సునాముఖి. మనం నేలతంగేడు అంటాం, మందుల షాపులో సెన్నా మాత్రలంటారు. పెద్దపేగును పొడిచి కదిలించే ఆకు. నాలుగు రోజుల అవసరానికి మంచిదే, ఏళ్ల తరబడి రోజూ వేసుకునేది కాదు.

ఒక్కసారే మానొద్దన్నారు. వారానికి అర స్పూను చొప్పున తగ్గించాను. ఉదయం ఇసబ్‌గోల్, దాంతో పెద్ద గ్లాసు నీళ్లు (నీళ్లు తక్కువైతే అదే గట్టిపడుతుంది). రాత్రి త్రిఫల అర స్పూను గోరువెచ్చని నీళ్లలో. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన వగరు, మొహం ముడుచుకుపోతుంది. మొదటి నాలుగు రోజులు కడుపులో గుడగుడలు, కాస్త పల్చగా అయింది. కుదుటపడటానికి నెలన్నర పైనే పట్టింది. అందులో త్రిఫల వాటా ఎంతో, షిఫ్టు మారి రాత్రి నిద్రపోవడం వాటా ఎంతో చెప్పలేను.

గ్యాస్‌కి మాత్రం మా నాయనమ్మ పద్ధతే నాకు పనిచేసింది. వేడన్నం మొదటి ముద్దలో చిటికెడు శొంఠిపొడి, ఉప్పు, నెయ్యి. హింగ్వాష్టక చూర్ణం వాడే తీరూ ఇదే, మొదటి ముద్దలో నెయ్యితో. అందులోని ఎనిమిదీ శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవలవణం, ఇంగువ. సగం మన పోపుల డబ్బాలోవే. అయితే మీకు ఉబ్బరం కాక ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉంటే ఈ ఘాటు పడకపోవచ్చు. మా ఆవిడ నన్ను చూసి మొదలుపెట్టి రెండో రోజుకే మానేసింది. మంటకి అతిమధురం వాడమని ఎవరైనా చెప్తే ముందు బీపీ చూపించుకోండి, అది బీపీ పెంచుతుంది.

బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నల్లగా తారులా వెళ్తున్నా ఈ పొడులన్నీ పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెమటలతో ఛాతీ బిగపట్టినట్టుంటే గ్యాస్ అనుకుని వాము నములుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి.

మీ డబ్బా మీద సునాముఖి, నేలతంగేడు, సెన్నా, వీటిలో ఏ పేరైనా ఉందేమో చూసి, రోజుకి ఎన్ని స్పూన్లు వేసుకుంటున్నారో కూడా రాయండి.