నిన్నటికీ ఇవాళ్టికీ 1.4 కిలోల తేడా: అది కొవ్వు కాదు చెల్లీ

ఆదివారం బంధువులింట్లో భోంచేసొస్తే సోమవారం పొద్దున్నకి 71.2 కాస్తా 72.6 అయిందని, ఇవాళంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోకూడదనుకుంటున్నానని రాశావు. ముందు లేచి ఏదైనా తిను చెల్లీ, తర్వాత ఇది చదువు.

కిలో కొవ్వు చేరాలంటే ఒళ్లు ఖర్చుపెట్టేదానికి పైన దాదాపు 7,700 కేలరీలు తినాలి. 1.4 కిలోలంటే 10,700 పైమాటే. వండిన అన్నం 100 గ్రాములు 130 కేలరీలు అనుకుంటే, రోజూ తినేది కాక ఇంకో ఎనిమిది కిలోల అన్నం! మనవైపు కొసరి కొసరి వడ్డిస్తారు, నిజమే, కానీ అంత ఎవరి కడుపులోనూ పట్టదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల కిందట 78 నుంచి తగ్గడం మొదలుపెట్టినప్పుడు నేనూ ఇదే చేశాను. భీమవరంలో పెళ్లికి వెళ్లొచ్చి, మర్నాడు కిలోన్నర ఎక్కువ చూపిస్తే సాయంత్రం దాకా ఏమీ తినలేదు. కాలవ రేవు మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి గట్టుమీదే కూలబడ్డాను. మర్నాటి నుంచి మామూలుగానే తిన్నాను. మూడోరోజుకి బరువు దానంతటదే పాత అంకెకి వచ్చేసింది.

పెరిగిందంతా నీళ్లూ, ఇంకా అరగని తిండీ. సెలైన్ బాటిల్ చూసుంటావుగా, లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు. మన ఒంట్లో నీళ్లలోనూ ఉప్పదనం ఇంచుమించు అంతే. ఆవకాయ, అప్పడం, వంకాయ ఎండురొయ్యల కూర ఒకే పూట తింటే, ఎక్కువైన ఉప్పు మూత్రంలో పోయేదాకా దానికి సరిపడా నీళ్లని ఒళ్లు పట్టి ఉంచుతుంది. అన్నం సంగతీ అంతే. అందులోంచి వచ్చిన చక్కెరలో కొంత గ్లైకోజెన్‌గా కండరాల్లో, కాలేయంలో నిలవుంటుంది, గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లని వెంటబెట్టుకుని. అన్నం తగ్గించిన మొదటి వారం గబుక్కున దిగే బరువులో ఎక్కువ భాగం ఆ నీళ్లే. కడుపునిండా అన్నం తిన్న రోజు అవే తిరిగొస్తాయి. కొత్తగా నడక మొదలుపెట్టి కాళ్లు పట్టేసినా కొంత నీరు చేరుతుంది.

ఒకసారి పరీక్షగా మిషనెక్కి దిగి, పెరట్లో బొండం కొట్టించుకు తాగి మళ్లీ ఎక్కాను. 300 గ్రాములు పెరిగింది!

నాకు అసలు దారి చూపింది వంటింటి క్యాలెండర్. గడిలో ఎడమవైపు పాల లెక్క, కుడిమూల పెన్సిల్‌తో నా బరువు. మూడు నెలల కాగితాలు పక్కపక్కన పరిచి చూస్తే, ప్రతి నెలా బహిష్టుకి నాలుగైదు రోజుల ముందు కిలో ఎక్కడం, వచ్చిన రెండుమూడు రోజులకి దిగిపోవడం కనిపించింది. అంతకుముందు నేను "ఇక నావల్ల కాదు" అని మానేసిందల్లా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎన్నిసార్లు అలా వదిలేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే రోజు అంకె పట్టించుకోకు, ఏడు రోజులవి కలిపి సగటు తియ్యి. నాకు ఒక వారంలోనే 73.4, 75.1 రెండూ పడ్డాయి. ఆ వారం సగటు 74.3, తర్వాతి వారం 73.9. తగ్గింది ఆ 400 గ్రాములే, అది మాత్రం నిజంగా తగ్గినట్టే. పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకేచోట గట్టి నేలమీద పెట్టి చూసుకో. పట్టామీద పెడితే తేడా చూపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. రెండు మూడు రోజుల్లో బరువు పెరిగి, పాదాలు వాచి, నొక్కితే గుంట పడుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, పైన చెప్పిన నీళ్ల లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు. షుగరు మందులు వాడుతుంటే అసలు ఉపవాసాలే వద్దు.

రేపట్నుంచి బరువు పక్కన ముందురోజు ఏం తిన్నావో ఒక ముక్క రాసిపెట్టు. పదిహేను రోజులయ్యాక రెండు వారాల సగటులూ ఇక్కడ పెడితే, కూర్చుని చూద్దాం.