వేపను నరికించిన మామయ్య రాస్తున్నది

చిరంజీవి మేనకోడలికి,

మొన్న ఫోన్లో "చెట్లు నాటి చూసుకునే మావాళ్లందరికీ పోయినేడే ట్రైనింగ్ అయిపోయింది కదా మామయ్యా, మళ్లీ పిలిస్తే ఎవరొస్తారు?" అన్నావు. నోటితో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని రాస్తున్నా.

2021 చివర్లో మా కావలి వైపు వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వచ్చాయి. తెలుగునాట చాలాచోట్ల అదే గోల. మా వీధి మొదట్లో రెండు వేపలుండేవి. చెట్ల పని మొదలుపెట్టి అప్పటికే పద్దెనిమిదేళ్లు నాకు. ఒకటి చచ్చిపోయిందని చూడగానే తేల్చేశా. నా మాట మీదే అర్జీ పెట్టారు, చెట్లను కాపాడే వాల్టా చట్టం ప్రకారం అనుమతి తెచ్చారు, కొట్టేశారు. రెండోదీ అంతే మాడింది గానీ కూలి డబ్బులు చాలక ఆగింది. ఉగాది ముందు అది చిగురు తొడిగింది! ఇప్పుడు దాని నీడలోనే ఇస్త్రీ బండి పెట్టుకున్నాడొకతను. మొదటి చెట్టు కిందే ఉండేవాడు. నన్ను చూసినప్పుడల్లా గమ్మున పని చేసుకుంటాడు, ఏమీ అనడు. అదే నాకు కష్టంగా ఉంటుంది.

అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులట. టీ దోమ అనే పురుగు రసం పీల్చడం దానికి తోడు. లేత కొమ్మలు మాడినా మాను బతికే ఉంటుంది. గోరుతో బెరడు గీకి చూస్తే లోపల పచ్చగా కనిపించేది. అంత అనుభవమున్న నేను ఆ గోరు పెట్టలేదు.

అందుకే చెబుతున్నా, మళ్లీ పాఠం కావాల్సింది కొత్తగా చేరిన పిల్లలకు కాదు. వాళ్లు భయపడి అడిగే చేస్తారు. నాలుగేళ్లు చేసినవాళ్లు అడగడం మానేస్తారు. ముందు వాళ్లను పిలువు.

అమెరికాలో చెట్ల నిపుణులకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంఘం ఉంది. పాసైనంత మాత్రాన సరిపోదు, ప్రతి మూడేళ్లకు 30 యూనిట్ల చదువు చూపించాలి, లేదంటే పరీక్ష మళ్లీ రాయాలి. మనకంత లాంఛనం వద్దు. రిజిస్టరు పెట్టావంటే మనవాళ్లు సంతకం చేసి వెళ్లిపోతారు.

హాలు, ప్రొజెక్టర్ కూడా వద్దు. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఒక చెట్టు దగ్గర చేరండి. అది మీరు నాటిందో, కొమ్మలు కొట్టిందో అయ్యుండాలి. పోయినేడు చేసిన పని ఏమైందో చూడటమే ఆ రోజు పాఠం. ఎనిమిదికల్లా టిఫిన్.

వీడియోల్లో చెప్పే నెలలు పట్టుకోవద్దు. మనకు పెద్దవాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి కొమ్మల పాఠం సెప్టెంబరులో పెట్టు, ఎండుకొమ్మలు గాలివానకు ముందే దిగాలి. నీళ్ల సంగతి రోహిణి కార్తెలో. వేర్లది జనవరిలో, తుఫాన్లు వెళ్లాక.

పెద్ద కొమ్మకు మూడు కోతలు. మొదటిది మానుకు జానెడు దూరంలో, కింది నుంచి కొద్దిగా. రెండోది దానికి కాస్త అవతల, పై నుంచి పూర్తిగా, బరువంతా దిగిపోయేలా. ఇక మిగిలిన మొద్దును, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బును మానుకే వదిలేసి, దానికి కొమ్మ వైపున కోయాలి. ఉబ్బు జోలికి పోతే గాయం సరిగ్గా మానదు. ఆ గాయానికి మేము ఎంతో బాధ్యతగా తారు పూసేవాళ్లం. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మానులు కోసి చూసి, పూతలు కుళ్లును ఆపవనీ, చెట్టే గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుంటుందనీ చూపించాడు. అదంతా 1970, 80ల నాటి సంగతి. నేను తారు డబ్బా పక్కన పెట్టింది 2010 దాటాక!

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందే, అప్పుడు మా బడి ముందు తురాయి పడిపోయింది. మేమే నాటాం. వేర్లు చూస్తే నర్సరీ కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. నాటేటప్పుడే చుట్టుకున్న వేర్లను విడదీయాలని, రాకపోతే కత్తితో నిలువునా గాట్లు పెట్టాలని అప్పటికి మాకు తెలియదు. ఫోటో ఉంది, పంపుతా. జనవరి పాఠానికి అదొక్కటి చాలు.

దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను ఏడాదికోసారైనా పిలువు. వాళ్లకు పంటల పనే ఎక్కువ, కాబట్టి "చెట్ల గురించి చెప్పండి" అనకు. చెదపట్టిన బెరడు ముక్కో, మాడిన రెమ్మో చేతిలో పెట్టి అడుగు. లైన్‌మన్‌ను కూడా ఒకసారి పిలిచి మాట్లాడించు. కరెంటు తీగల దగ్గరున్న కొమ్మను మీవాళ్లు ఎవరూ ముట్టకూడదు. అందులో నేర్చుకునేదేమీ లేదు, ఫోన్ చేయడమే. ట్రీగార్డులు మానులోకి దిగబడకముందే విప్పాలని వేరే చెప్పాలా?

మీ పార్కు గేటు దగ్గర కానుగకు బదనిక పట్టిందన్నావు, అదే, కొమ్మ మీద మొలిచి చెట్టు రసం తాగే మొక్క. పైపైన ఆకులు దూస్తే మళ్లీ వస్తుంది, అది అతుక్కున్న చోటికి కింద నుంచే కొమ్మ తీయాలి. నేనొచ్చేదాకా దాన్ని అలాగే ఉంచు. శనివారం రాత్రికే బస్సులో వస్తున్నా, రంపం నేనే తెస్తా. మీ అత్త చల్ల మిరపకాయలు కట్టి పెట్టింది.

మీ మామయ్య,
కావలి