వేడెక్కితే ఆగే కారు: కోడ్ చూసి పార్ట్ కొనొద్దు

సింగరాయకొండ నుంచి టెక్సాస్ వచ్చిన తమ్ముడి సందేహం: "అన్నా, పాత కారు కొన్నాను. పొద్దున బాగానే స్టార్టవుతుంది. అరగంట నడిపాక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. కాసేపు చల్లారితే మళ్లీ మామూలే. స్కాన్ చేస్తే పీ0335 అనే కోడ్ వచ్చింది. క్రాంక్ సెన్సర్ మార్చేయనా?"

ఆగు తమ్ముడూ. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పేదే క్రాంక్ సెన్సర్. ఆ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందనే ఆ కోడ్‌కి అర్థం. వైరు తెగినా, కనెక్టర్‌లోకి ఆయిల్ దిగినా అదే వస్తుంది. కావలి నుంచి వచ్చిన కొత్తలో నాకిది తెలీక, ఒక గ్యారేజీలో చెప్పారని సెన్సర్ మార్పించాను. వారం తిరక్కుండానే హైవే మీద బండి ఆగింది. చివరికి చూస్తే ఎగ్జాస్ట్ పైపుకి తగిలి వైరు పైతొడుగు కరిగిపోయింది. నెల్లూరు ఆటోనగర్‌లో అయితే మేస్త్రి ముందు వైర్లే తడిమి చూసేవాడు!

అయినా నీ కారు వాలకానికి అనుమానం సెన్సర్ మీదకే పోతుంది. పాడవుతున్న సెన్సర్లు చాలావరకు వేడికి మొరాయించి, చల్లారాక పనిచేస్తాయి. అందుకే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పరీక్షిస్తే లాభం లేదు, బండి ఆగిన నిమిషంలోనే పట్టుకోవాలి. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) ఉంటుంది. చిన్న స్కానర్ తగిలించి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూడు. ఇంజన్ తిరుగుతున్నా అంకె సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సిగ్నల్ కంప్యూటర్‌కి అందడం లేదు. ఆ సిగ్నల్ లేకపోతే చాలా కార్లలో స్పార్కూ రాదు, ఇంజెక్టర్లూ కొట్టవు.

తర్వాత కనెక్టర్ ఊడదీసి తుప్పు, ఆయిల్, నలిగిన వైరు చూడు. రెండు వైర్ల సెన్సర్ అయితే మల్టీమీటర్‌తో ఓమ్స్ (వైరు నిరోధం) చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలువు. ఎంత ఉండాలో నీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. వేడిలో మీటరు అసలు రీడింగే ఇవ్వకపోతే సెన్సర్ పోయినట్టే. మూడు వైర్లదైతే సాధారణంగా హాల్ రకం, అంటే బయటి నుంచి పవర్ అందితేనే పనిచేసేది. దానికి ఓమ్స్ చూడొద్దు, ముందు కీ ఆన్ చేసి కనెక్టర్‌కి పవరూ గ్రౌండూ వస్తున్నాయా చూడు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టుకో. ఇంజన్ ఆగితే స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కుతాయి, కాబట్టి ఇది తేలేదాకా హైవే ఎక్కకు.

గ్యారేజీకే ఇస్తే, చూసినందుకే వేరే ఫీజు తీసుకుంటారు. రిపేరు అక్కడే చేయిస్తే దాన్ని బిల్లులో తగ్గిస్తారా అని మొహమాటం లేకుండా అడుగు. కొన్ని మోడళ్లకి కొత్త సెన్సర్ వేశాక స్కానర్‌తో రీలెర్న్ చేయాలి, అంటే కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయాలి. దాని ఖర్చు కూడా బిల్లులోనే కలిసిందో లేదో కనుక్కో.