సీఎస్‌వీ ఎక్కిస్తుంటే ఎర్ర వరసలా? ముందు తేదీల సంగతి చూడండి

మీరు రాజాం నుంచి అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. బ్యాంకు సైటు నుంచి స్టేట్‌మెంటు దింపుకున్నారు, ఎక్సెల్‌లో తెరిచి కాస్త శుభ్రం చేశారు, సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టి రాసే ఉత్త అక్షరాల ఫైలు) సేవ్ చేసి, లెక్కలు రాసుకునే ఉచిత ప్రోగ్రాం గ్నూక్యాష్‌లోకి ఇంపోర్ట్ చేస్తున్నారు. సగానికి పైగా వరసలు ఎర్రగా వస్తున్నాయి. తప్పులున్న వరసల్ని వదిలెయ్యమనే ‘స్కిప్ ఎర్రర్స్’ దగ్గర టిక్ పెడితే మిగతావి ఎక్కుతున్నాయి గానీ నిల్వ కుదరడం లేదు.

ముందు ఆ టిక్ తీసేయండి. ఎర్రగా కనిపించే వరసలు ఎక్కకపోతే నిల్వ కుదరదు, నిజమే, కానీ ఎక్కలేదని కంటికి కనిపిస్తుంది కదా. అసలు గొడవ ఏ రంగూ లేకుండా బుద్ధిగా లోపలికి వెళ్లిపోయిన వాటితోనే. ఇది నేను మా నాన్నగారి ముందు తల దించుకుని నేర్చుకున్న పాఠం.

మాది నరసన్నపేట. నాన్న రిటైరైన టీచరు. ఆయన పెన్షను ఖాతా లెక్కలు నేనే చూస్తాను. ఆయనేమో తన చిట్టా పుస్తకంలో విడిగా రాసుకుంటారు, నా కంప్యూటర్ మీద నమ్మకం లేక. 2025 ఏప్రిల్ మొదట్లో, అంతకు ముందు మూడు నెలల స్టేట్‌మెంటు ఎక్కించి, గొప్పగా లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు.

“ఏటమ్మా, రథసప్తమి ఏప్రిల్లో చేశామేటి?”

ఆ ఏడాది రథసప్తమి ఫిబ్రవరి 4న. అరసవల్లి వెళ్లిన ఆటో ఖర్చు, పూజా సామాను ఖర్చు ఫోన్లోంచే కట్టాం. నా గ్నూక్యాష్ పుస్తకంలో అవి ఏప్రిల్ 2న ఉన్నాయి. ఇంకా పైకి వెళ్తే మరీ విడ్డూరం. మూడు నెలల పెన్షనూ జనవరి 1, 2, 3 తేదీల్లో రోజుకొకటి చొప్పున పడిపోయింది. “ఇలాగైతే ప్రభుత్వం మంచిదే” అన్నారు నాన్న. కింద చూస్తే అక్టోబరు, నవంబరు, డిసెంబరు ఖర్చులు కూడా ఉన్నాయి, ఇంకా రాని నెలలవి. అన్నీ 1, 2, 3 తేదీల్లోనే.

ఎలా జరిగిందో చెబుతాను, మీదీ అదే అయి ఉంటుందని నా అనుమానం. మన బ్యాంకులు తేదీని రోజు, నెల, సంవత్సరం అనే వరసలో రాస్తాయి. నా లాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు విండోస్‌ని అమెరికా ఇంగ్లీషుతో పెట్టి ఇచ్చేశాడు. అమెరికా వాళ్లకి నెల ముందు, రోజు తర్వాత. సీఎస్‌వీ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు అది మనల్ని ఒక్క మాట అడగదు. 04/02/2025 కనిపించగానే ఏప్రిల్ 2 అనుకుంటుంది. 25/02/2025 కనిపిస్తే ఇరవై ఐదో నెల ఉండదు కాబట్టి అది తేదీయే కాదనుకుని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఇక్కడిదాకా ఇంకా ప్రమాదం లేదు. అలాగే మూసేసినా సరిపోయేది. కానీ కాలమ్ చూడ్డానికి ఎగుడుదిగుడుగా ఉందని నేను మొత్తం సెలెక్ట్ చేసి సంవత్సరం-నెల-రోజు ఫార్మాట్ పెట్టాను, నీటుగా ఉంటుందని. ఎక్సెల్ తేదీ అనుకున్నవన్నీ ఆ ఫార్మాట్‌లోకి మారాయి, తప్పు నెలతో సహా. అక్షరాలనుకున్నవి ఉన్నచోటే ఉండిపోయాయి. ఇంపోర్ట్‌లో సంవత్సరం-నెల-రోజు అని ఎంచుకున్నాను. దాంతో 13 నుంచి 31 దాకా ఉన్న తేదీలన్నీ ఎరుపు, 1 నుంచి 12 దాకా ఉన్నవన్నీ నిశ్శబ్దంగా తిరగబడి లోపలికి. ఫిబ్రవరి 2, మార్చి 3 లాంటివి ఎటు తిప్పినా ఒకటే కాబట్టి అవి మాత్రం బాగున్నాయి.

నెలలో 13 తర్వాత వచ్చే రోజులే ఎక్కువ. మీకు సగానికి పైగా ఎర్రగా వస్తున్నాయంటే నాకు ముందు ఇదే తట్టింది. తేల్చుకోవడం తేలిక. ఎక్సెల్‌లో తేదీ కాలమ్‌ని కాస్త వెడల్పు చేసి చూడండి. ఎక్సెల్ తేదీగా గుర్తించినవి కుడివైపు అంటుకుని ఉంటాయి, అక్షరాలుగా వదిలేసినవి ఎడమవైపు. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ ఉంటే ఆ ఫైలు చెడిపోయినట్టే. దాన్ని బాగుచెయ్యడానికి కూర్చోవద్దు, పారేసి బ్యాంకు నుంచి మళ్లీ దింపుకోండి. ఏది తిరగబడిందో ఏది లేదో విడదీసేసరికి తెల్లారిపోతుంది. నేను ఒక రాత్రి కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

అలాగే ఇప్పటికే గ్నూక్యాష్‌లోకి వెళ్లిపోయిన వాటి మీద మంచి ఫైలు మళ్లీ ఎక్కించకండి. ఇంపోర్ట్ చేసేటప్పుడు పాత పద్దులతో పోల్చి చూస్తుంది గానీ, ఆ పోలిక కుదిరేది డబ్బు మొత్తం, తేదీ దగ్గరదగ్గరగా ఉంటేనే. తేదీ రెండు నెలలు పక్కకి జరిగిపోతే వేరే పద్దు అనుకుంటుంది, అన్నీ రెండేసి అవుతాయి. గ్నూక్యాష్ సేవ్ చేసినప్పుడల్లా మీ పుస్తకం ఉన్న ఫోల్డర్‌లోనే పాత కాపీని, పేరు మధ్యలో తేదీ సమయం అంకెలు పెట్టి దాచుకుంటుంది. ఇంపోర్ట్‌కి ముందరి కాపీని వెతికి తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టండి. ఇకముందైతే ఇంపోర్ట్‌కి ముందు ఫైలు కాపీ ఒకటి మీరే చేసి పెట్టుకోవడం మేలు.

కొత్తగా దింపుకున్న ఫైలుని మొదట నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో వద్దు. నోట్‌ప్యాడ్ దేన్నీ మార్చదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ మీకు చాలా తెలుస్తాయి. పైన పేరు, చిరునామా, ఖాతా నంబరు లాంటివి పది పదిహేను వరసలుంటాయి. చివర ఇది కంప్యూటర్ తయారుచేసిన స్టేట్‌మెంటు, సంతకం అక్కర్లేదు అనే మాట ఉంటుంది. వీటిని చెరపక్కర్లేదు. ఇంపోర్ట్ తెర మీద మొదట ఎన్ని వరసలు, చివర ఎన్ని వరసలు వదిలెయ్యాలో అంకె వేసే చోటుంది. కొన్ని బ్యాంకుల ఫైలు పేరు చివర ఎక్సెల్ ఫైలన్నట్టు ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉంటుంది, లోపల చూస్తే కామాలకి బదులు ట్యాబ్‌లతో రాసిన మామూలు అక్షరాలే. అలాంటిదాన్ని తెరిస్తే పేరుకీ లోపలున్నదానికీ పొంతన లేదని ఎక్సెల్ హెచ్చరిస్తుంది. భయపడక్కర్లేదు. గ్నూక్యాష్‌లో సెపరేటర్ (గడుల్ని విడదీసే గుర్తు) దగ్గర ట్యాబ్ ఎంచుకుంటే నేరుగా చదువుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో అంతా పిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం అది నిజంగానే ఎక్సెల్ ఫైలు, దాన్ని సీఎస్‌వీ చెయ్యక తప్పదు.

అలా చెయ్యాల్సి వచ్చినా, సీఎస్‌వీనే తెరిచి సరిచెయ్యాల్సి వచ్చినా నేను లిబ్రేఆఫీస్ వాడతాను, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఉచిత ప్రోగ్రాం అది. సీఎస్‌వీ తెరవబోతే అది ముందు ఒక పెట్టె చూపించి, ఏ కాలమ్ ఏమిటో అడుగుతుంది. తేదీ కాలమ్ మీద నొక్కి రోజు-నెల-సంవత్సరం అని, రిఫరెన్సు నంబరు కాలమ్‌కి టెక్స్ట్ అని చెప్పాలి. ఎక్సెలే కావాలంటే ఫైలు మీద నొక్కి తెరవకుండా డేటా మెనూలోంచి టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ దారిలో తెచ్చుకోండి, అక్కడ కూడా కాలమ్ రకాల్ని దానంతట దాన్ని ఊహించనివ్వకండి. విండోస్ రీజియన్ సెట్టింగులో ఇంగ్లీష్ ఇండియా పెట్టుకుంటే తేదీల బాధ మూలంలోనే చాలావరకు పోతుంది. నేను ఆ పని ఆ మర్నాడే చేశాను.

రిఫరెన్సు నంబరుని టెక్స్ట్ అనమన్నది ఎందుకంటే, యూపీఐ నంబరుకి 12 అంకెలుంటాయి. ఎక్సెల్ దాన్ని 4.12 ఈ ప్లస్ 11 అని కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిందే ఫైల్లోకి పోతుంది, అసలు నంబరు ఇక దొరకదు. 15 అంకెలు దాటిన నంబర్లయితే 15 తర్వాతివి సున్నాలైపోతాయి.

తేదీలు సరిచేశాక కూడా రెండు మూడు వరసలు ఎర్రగా మిగలొచ్చు. నాకు మిగిలినవి డబ్బు కాలమ్ వల్ల. 1,25,000.00 అని మన పద్ధతిలో కామాలు, పక్కన జమకి సీఆర్, ఖర్చుకి డీఆర్ అనే అక్షరాలు, ఖాళీగా ఉండాల్సిన చోట చిన్న గీత. కామాలు, అక్షరాలు, గీతలు తీసేస్తే పేచీ పోతుంది. కానీ డీఆర్ తీసేసే ముందు ఆ అంకె ముందు మైనస్ పెట్టడం మరవకండి, లేకపోతే ఖర్చంతా జమ అయిపోతుంది. జమ, ఖర్చు వేర్వేరు కాలమ్‌లుగా ఉంటే ఇంకా సులువు. ఇంపోర్ట్ తెర మీద జమ కాలమ్‌ని అమౌంట్ అని, ఖర్చు కాలమ్‌ని అమౌంట్ నెగేటెడ్ అని చూపించండి. పాత వెర్షన్లలో వీటినే డిపాజిట్, విత్‌డ్రాయల్ అనేవారు. ఒకే ఒక్క వరస ఎర్రగా ఉండి మిగతావన్నీ బాగుంటే ఆ వరస వివరంలో కామా ఉందేమో చూడండి. షాపు పేరు మధ్యలో కామా వచ్చి, చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే అక్కణ్నుంచి అన్నీ ఒక గడి పక్కకి జరుగుతాయి.

యూపీఐ కట్టేటప్పుడు “పాలు”, “కిరాణా” అని తెలుగులో రాసే అలవాటు మా అమ్మకి ఉంది. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అవన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, మళ్లీ రావు. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని, తెలుగు అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు దాచే వేరే రకం ఉంటుంది, అది ఎంచుకోండి. ఇంపోర్ట్ తెర మీద కూడా ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అనే ఉండాలి.

ఇక ఎక్కించే పద్ధతి. ఏడాది ఫైలంతా ఒకేసారి వద్దు. పది వరసలు విడిగా కాపీ చేసి ఎక్కించండి, అందులో 12 లోపు తేదీలు కొన్ని, 12 దాటినవి కొన్ని ఉండేలా చూసుకోండి. బ్యాంకు ఫైల్లో ప్రతి వరసా చివర నిల్వ ఉంటుంది కదా, దాన్ని గ్నూక్యాష్‌లో వచ్చిన నిల్వతో ఒక్కో వరసా పోల్చండి. చివరి నిల్వ ఒక్కటే చూస్తే చాలదు. తేదీలు ఎలా తిరగబడినా అన్ని వరసలూ ఎక్కితే మొత్తం మొత్తమే, కలిసిపోతుంది. ఖాతా కింద ప్రెజెంట్ (ఇవాళ్టి దాకా ఉన్నది), ఫ్యూచర్ (ఇంకా రాని తేదీలవి కూడా కలిపింది) అని రెండు నిల్వలు కనిపిస్తాయి. అయిపోయిన నెలల స్టేట్‌మెంటు ఎక్కించాక ఆ రెండూ వేరుగా ఉన్నాయంటే ఇంకా రాని నెలల్లోకి ఏవో పోయాయన్నమాట. నా మొదటి తెర మీద కూడా అవి వేరుగానే ఉన్నాయట, నాకే కనిపించలేదు. పది వరసలూ కుదిరితే ఆ సెట్టింగులకి బ్యాంకు పేరు పెట్టి సేవ్ చేసుకోండి, వచ్చే నెల మళ్లీ ఇవన్నీ ఎంచుకోనక్కర్లేదు. ఆ తర్వాత నెలకొక ముక్క చొప్పున మిగతాది.

మీ బ్యాంకు ఓఎఫ్‌ఎక్స్ రకం (లెక్కల ప్రోగ్రాములు నేరుగా చదువుకునే ఫైలు) ఇస్తుంటే ఈ బాధలేవీ పడకండి, అదే దింపుకోండి. అందులో తేదీ రాసే తీరు ఒక్కటే, పైగా ప్రతి లావాదేవీకీ సొంత గుర్తింపు నంబరు ఉంటుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు ఎక్కించినా పట్టుకుంటుంది. మా బ్యాంకు ఇవ్వదు.

ఇన్ని చేసినా ఎర్రగా వస్తే నోట్‌ప్యాడ్‌లో కనిపించిన మూడు వరసలు, ఒకటి మంచిది, రెండు ఎర్రవి, ఇక్కడ పెట్టండి. ఎక్సెల్ నుంచి కాపీ చేసినవి పెట్టకండి, వాటిని చూసి నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఖాతా నంబరు, మనుషుల పేర్లు మాత్రం తీసేసి పెట్టండి.